శాంభవి యను గ్రహశకలము: వెలువడని చిత్రమునకు అభిమానుల వ్యాఖ్యానములు

ఒక కావ్యము వెలువడిన పిదప దానికి వ్యాఖ్యానము పుట్టుట మన వాఙ్మయమున ననాదిగా వచ్చుచున్న క్రమము. నేటి చలనచిత్రముల విషయమున నీ క్రమము తలక్రిందులైనది. చిత్రము తెరపైకి వచ్చుటకు ఏండ్లు ముందుగనే దానికి వ్యాఖ్యాతలు సిద్ధమగుచున్నారు. వీరినే మనము అభిమానులనుచున్నాము. వీరి మాటలను పెద్దలు వెఱ్ఱిగా త్రోసివేయుదురు. ఉపాధ్యాయులు మఱింత గట్టిగా త్రోసివేయుదురు. ఆ మాటలలో పరిశీలింపదగిన యంశము కొంత కలదనియు, వేలూరు, గుడియాత్తము, ఆలంగాయము ప్రాంతములలోని తెలుగు పిల్లల చదువుతో దానికి దగ్గఱి సంబంధమున్నదనియు నా యభిప్రాయము.

2025 నవంబరు 15వ తేదీన హైదరాబాదు చేరువనున్న రామోజీ చిత్రనగరమున జరిగిన పెద్ద సభలో దర్శకులు శ్రీ ఎస్. ఎస్. రాజమౌళి తమ నూతనచిత్రమునకు "వారణాసి" యని పేరు ప్రకటించిరి. నాయకపాత్రధారి శ్రీ మహేశ్ బాబు; పాత్ర పేరు రుద్రుడు. చిత్రము 2027లో విడుదల యగునని తెలిపిరి. ఆ సభలో చూపిన దృశ్యమాలిక నాలుగు నిమిషములకు మించదు. అది క్రీ.శ. 512 నాటి వారణాసితో మొదలగును. క్రీ.శ. 2027లో "శాంభవి" యను గ్రహశకలము భూమివైపు దూసికొనివచ్చును. ఆపై అంటార్కిటికాలోని మంచుపలక, ఆఫ్రికాలోని అంబోసెలి మైదానము, ఒక గుహ, క్రీ.పూ. 7200 అను సంవత్సరాంకముతో త్రేతాయుగమునాటి లంక, తుదకు మణికర్ణికాఘట్టము. త్రిశూలము చేబట్టి వృషభము నెక్కి వచ్చు నాయకునితో మాలిక ముగియును.

ఖచ్చితముగా చెప్పవలెనన్న దీనిని పూర్తిగా అంతరిక్షచిత్రమనరాదు. ఖగోళము, కాలయానము, పురాణము మూడును కలిసిన యద్భుతకల్పన యిది. అయినను మా ప్రాంతపు కుఱ్ఱవాండ్రను మిక్కిలి కదలించినది నాయకుని వృషభము గాదు, ఆ యాకాశశిలయే. దానికి కారణము ముందు చెప్పెదను.

ఆకాశయానము మన చిత్రములకు క్రొత్త గాదు. 1951లో "పాతాళభైరవి", 1957లో "మాయాబజార్" మదరాసుననే రూపొందినవి. రెంటికిని దర్శకులు కె. వి. రెడ్డిగారు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ. ఆ తరమున అద్భుతమునకు కారణము మంత్రము. 1963లో తమిళమున వెలువడిన "కలై అరసి"లో అన్యగ్రహవాసులు దిగివచ్చి ఒక గాయనిని గొనిపోవుదురు. ఆ పాత్రను ధరించినది మన భానుమతిగారు. తమిళసీమలోని తెలుగువారము మనమీ సంగతిని తఱచుగా మఱచుచుందుము. "మాయాబజార్"కు కె. వి. రెడ్డిగారికడ సహాయకులుగా పనిచేసిన శ్రీ సింగీతం శ్రీనివాసరావు 1991లో "ఆదిత్య 369" తీసిరి. అందు నాయకుడు కాలయంత్రమునెక్కి 1526 నాటి కృష్ణదేవరాయల కాలమునకును, 2504 నాటి భవిష్యత్తునకును పోయివచ్చును. అద్భుతమునకు కారణము మంత్రమునుండి యంత్రమునకు మాఱిన ఘట్టమిది. 2018లో వచ్చిన "అంతరిక్షం" వ్యోమగాముల కథ. అందు పురాణవాసన లేదు. 2024 జూన్ 27న వెలువడిన శ్రీ నాగ్ అశ్విన్ చిత్రము "కల్కి 2898 ఎ.డి." మంత్రమును యంత్రమును ఒకే బండికి కట్టినది. ఆ చిత్రమునకు మార్గదర్శిగా వ్యవహరించినవారు మరల ఆ సింగీతంవారే. గురుశిష్యపరంపర పాఠశాలలలో సన్నగిలినను చిత్రశాలలలో ఇంకను నిలిచియున్నది!

ఇక అభిమానుల స్పందనములు. వీనిలో సగము కేవలము జయజయధ్వానములు, వానిని విడిచెదను. కొన్ని ముందస్తు నిరాశలు. వీనికి ఆయువు తక్కువ. 2023 జూలైలో "కల్కి" నాయకుని తొలి పటము వెలువడగా ఆ నటుని యభిమానులే పెదవి విఱిచిరి; ఒకటి రెండు దినములలో దృశ్యమాలిక రాగానే ఆ నోళ్లే పొగడినవి. మనము గమనింపవలసినవి మూడవ తెగవారి మాటలు. వీరు దృశ్యమాలికను నిలిపి నిలిపి చూతురు. మూలనున్న విగ్రహమేది? ఆ సంవత్సరమునే యేల వేసిరి? వృషభమునకును, రుద్రుడను పేరునకును, శాంభవికిని పొంతన యేమి? శంభుని పత్ని శాంభవి గదా, ఆమె పేరుగల శిల రుద్రునివైపు వచ్చుచున్నదా, భూమివైపు వచ్చుచున్నదా? ఈ ప్రశ్నవేసిన బాలుడు శబ్దమంజరిని తెఱచి యెఱుగడు. పేరునుండి అర్థమును, అర్థమునుండి కథను ఊహించుట మాత్రము వానికి చక్కగా తెలిసినది. పద్యమునకు తాత్పర్యము చెప్పుమనినప్పుడు మనము కోరునది యిదియే గదా.

వీరి తర్కములలో క్రీ.పూ. 7200 అను అంకెపై జరిగినది రసవత్తరమైనది. పంచాంగగణనము ప్రకారము కలియుగము క్రీ.పూ. 3102లో ప్రారంభమైనది. దానికి పూర్వపు ద్వాపరయుగము 8,64,000 ఏండ్లు. కావున త్రేతాయుగము ముగిసినది క్రీ.పూ. 8,67,102లో. ఈ లెక్కన క్రీ.పూ. 7200 ద్వాపరయుగాంతమున పడును గాని త్రేతాయుగమున పడదు. దర్శకుడు పొరబడెనని ఒక పక్షము. రామాయణములోని గ్రహస్థితులను బట్టి కాలనిర్ణయము చేయ యత్నించిన ఆధునికులు కొందఱున్నారనియు, వారిలో పూనాకు చెందిన పి. వి. వర్తక్‌గారు శ్రీరామజననమును క్రీ.పూ. 7323గా చెప్పిరనియు, దర్శకుని అంకె దానికి చేరువ యనియు మఱొక పక్షము. చరిత్రకారులు ఆ నిర్ణయము నంగీకరింపలేదు. ఆ కాలమున మన దేశమున నగరములున్నట్లు త్రవ్వకములలో ఆధారము లేదు. నా మట్టుకు ఇది చరిత్ర గాదు, కల్పన. కల్పనకు కవి యిచ్చిన గణనమే ప్రమాణము. కాని పదునైదేండ్ల పిల్లలు యుగప్రమాణములను కాగితముపై కూడి తీసివేయుట చూచినప్పుడు వారి నాపుట యెవరికి మనసొప్పును?

శిల విషయమున వారి ప్రశ్న సూటిగా నుండును: నిజముగా నిట్లు జరుగునా? జరుగును, జరిగినది. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ నగరముపై ఇరువది మీటర్లకు లోబడిన శిల యొకటి గాలిలో ప్రేలినది. దాని ధాటికి కిటికీల అద్దములు పగిలి సుమారు 1,500 మంది గాయపడిరి. 2024 డిసెంబరులో కనుగొన్న మఱొక శిల 2032లో భూమిని తాకు నవకాశము నూటికి మూడుపాళ్లని 2025 ఫిబ్రవరిలో శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. పరిశీలనములు పెరిగినకొలది ఆ నెల ముగియులోగా ఆ భయము దాదాపు శూన్యమైనది. అడ్డుకొను నుపాయమును శూన్యము గాదు. 2022 సెప్టెంబరు 26న అమెరికావారు ఒక నౌకను బుద్ధిపూర్వకముగా డైమార్ఫస్ అను చిన్న శిలకు ఢీకొట్టించి, దాని ప్రదక్షిణకాలమును అరగంటకు పైగా తగ్గించిరి. త్రిశూలము లేకయే!

మా ప్రాంతపు పిల్లలకు శిలపై మక్కువ యేలనని అడిగితిని గదా. ఆలంగాయమునకు చేరువనే జవ్వాదికొండలలో కావలూరు ఖగోళశాల యున్నది. ఆలంగాయము 2019 వఱకు వేలూరు జిల్లాలోనిది, నేడు తిరుపత్తూరు జిల్లాలోనిది. కొండమీది గోళాకారపు కప్పును చూడని పిల్లలు మా ఊళ్లలో అరుదు. ఆ శాలను నెలకొల్పిన వైణు బాప్పుగారు పెరిగి చదివినది హైదరాబాదున. ఆయన తండ్రి నిజామియా వేధశాలలో పనిచేసినవారు. బాప్పుగారు 1982లో గతించిరి. 2.34 మీటర్ల దర్పణముగల దూరదర్శిని 1986లో ఆయన పేరిట ప్రారంభమైనది. ఈ కావలూరుననే 1988 ఫిబ్రవరి 17న ఆర్. రాజమోహన్‌గారు ఒక గ్రహశకలమును కనుగొనిరి. దానికి గణితజ్ఞుని పేర "రామానుజన్" అని నామకరణము జరిగినది, వరుససంఖ్య 4130. ఇంకను వెనుకకు పోయినచో, 1861లో మదరాసు వేధశాలనుండి పాగ్సన్ అను నాయన కనుగొన్న దానికి "ఆసియా" యని పేరు. శివుని పేరుగల శకలము 1930లోను, రుద్రుని పేరుగలది 1980లోను దొరకినవి. ఈ రెండవ సంగతి చెప్పిన దినమున తరగతిలో లేచిన కేక ప్రక్క గదివఱకు వినబడినది. మా వద్ద రుద్రుడు ముందే ఆకాశమున నున్నాడు!

ఇచటనే తెలుగు సమస్య తల యెత్తినది. ఆ శిలను మీరేమందురని యడుగగా కొందఱు ఆంగ్లపదము పలికిరి. కొందఱు "విణ్కల్" అనిరి. తమిళమున అది నేలపై బడిన ఉల్కకు పేరు. బాగుగా చదువు బాలిక యొకతె "సిఱుకోళ్" అని సరియైన తమిళపదము చెప్పినది. తెలుగుమాట యెవరికిని రాలేదు. ఇంట తెలుగు మాటాడు పిల్లలే వీరందఱును. ఉప్పు, పప్పు, పెండ్లి, చావు తెలుగున చెప్పగలరు. ఆకాశము దాటిన దానిని చెప్పలేరు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడునప్పుడు ఉత్తరార్కాటునుండి వేఱుపడిన తాలూకాలకు ఇటువైపున నిలిచిపోయిన తెలుగు కుటుంబముల సంతతికి భాష వంటయింటికి పరిమితమగుచు వచ్చుచున్నది. 2006 నాటి చట్టముచే తమిళము పాఠశాలలలో నిర్బంధభాషయైన పిమ్మట అల్పసంఖ్యాకభాషల పాఠములకు దొరకు గంటలు తగ్గినవి. తమిళము నేర్చుటలో తప్పు లేదు. అది మనము బ్రతుకు నేలభాష. తెలుగు ప్రక్కకు జఱుగుటయే మన బాధ.

అట్టి పిల్లలు తమంతట తాము తెలుగున వ్రాయు సందర్భ మొక్కటే కనబడుచున్నది: అది రానున్న చిత్రముపై అభిప్రాయము. చేతిఫోనులో తెలుగువాక్యములనే వ్రాయుదురు, కాని ఆంగ్లాక్షరములతోను, ఒక్కొక్కప్పుడు తమిళాక్షరములతోను. తమిళాక్షరములలో క, గ భేదము లేదు, ఒత్తులు లేవు. "గద" అని వ్రాయబోయి "కథ" యైనచో భీముని చేతిలో నేమున్నట్టు? ఈ చమత్కారమును పట్టుకొని, దృశ్యమాలికపై ఎవరి యూహను వారు తెలుగులిపిలో ఒక పుట వ్రాయవలెనని విధించితిని. వ్యాసరచనకు మూడు వాక్యములు దాటనివారు రెండు పుటలు తెచ్చిరి. తప్పులు కుప్పలుగా నున్నవి. కాని "ఎందుకనగా", "ఒకవేళ", "అట్లయినచో" అను మాటలు వారి వ్రాతలో తొలిసారిగా కనబడినవి; ఊహించువానికి ఇవి లేక గడవదు.

వ్రాతలు చదువుచుండగా పదచర్చ వచ్చినది. "గ్రహశకలము" అనగా గ్రహమునుండి విఱిగిన ముక్క. ఒకప్పుడు అంగారక, బృహస్పతుల నడుమ నొక గ్రహము పగిలెనని కొందఱు పండితులు తలచిరి. ఆ యూహ మన పదములో నిలిచిపోయినది. నేటి శాస్త్రము దాని నంగీకరింపదు. అవి పగిలిన గ్రహమునకు ముక్కలు గావు, బృహస్పతి యాకర్షణముచే గ్రహముగా కూడలేకపోయిన ద్రవ్యము. అవి తమలోతాము ఢీకొని పగులుట మాత్రము నిజము. "సిఱుకోళ్" అనగా చిన్నగ్రహము. ఈ యొక్క చోట తమిళపదమే మేలు. "లఘుగ్రహము" అని మనమును వాడవచ్చునని నేనంటిని. తరగతి ఒప్పుకొనలేదు. "శకలము" పలికినప్పుడు శిల వచ్చి తగిలినట్లుండును, "లఘుగ్రహము" అన్నచో ఎవరు భయపడుదురని వారి వాదము. నాకు వెంటనే సమాధానము తోచలేదు.

వారి పుటలన్నియు కుట్టి గ్రంథాలయపు బీరువాలో నుంచితిమి. చిత్రము వెలువడిన పిదప ఎవరి యూహ ఫలించినదో సరిచూచుకొనుట కది. కథ నెవరు సరిగా పట్టిరన్న దానికంటె వేఱొక విషయమున పందెము గట్టిగా సాగుచున్నది: తెరమీది పాత్రలు శాంభవిని తెలుగున నే మాటతో పిలుచును? గ్రహశకలమనునని నలుగురు, ఉల్క యనునని ఇద్దఱు, ఆంగ్లపదమే వాడునని మిగిలిన తరగతి.