దుఃఖితుల కీర్తన పాడిన ఇద్దరు



సంఘ పత్రికలో లోకసంబంధమైన పాటల ముచ్చట ఎందుకని కొందరు అడుగవచ్చును. అడుగవలసినదే. ఈ నెల మేము వ్రాయుచున్నది 1972లో అమెరికాలో అట్లాంటిక్ కంపెనీ విడుదల చేసిన ఒక గ్రామఫోను రికార్డును గూర్చి. పాడినవారి పేర్లే దానికి పేరు: రాబర్టా ఫ్లాక్, డానీ హాతవే. నల్లజాతి విశ్వాసుల ఆరాధనలో పెరిగి, తరువాత బయటి లోకములోనికి వెళ్లిన ఆ బాణీని అక్కడ ‘సోల్’ సంగీతమంటారు. సోల్ అనగా ప్రాణము, ఆత్మ. ఆ రికార్డులో ఎక్కువ పాటలు స్త్రీ పురుషుల ప్రేమను గూర్చినవే. వాటిని కుటుంబ ప్రార్థనలో పెట్టుకొనమని మేము చెప్పము. అయితే వాటి నడుమ ఒక పాత క్రైస్తవ కీర్తన ఉన్నది. దాని కొరకే ఈ వ్యాసము.

ఆ కీర్తన ‘కమ్ యీ డిస్‌కన్సొలేట్’. ఓదార్పు లేనివారిని దేవుని సన్నిధికి పిలిచే కీర్తన. ఐర్లండు కవి థామస్ మూర్ 1816లో దానిని ప్రచురించారు. తరువాత అమెరికాలో థామస్ హేస్టింగ్స్ మాటలు కొంత మార్చారు. రాగము అంతకంటె పాతది, ఇంగ్లండులో శామ్యూల్ వెబ్ కూర్చినది. మూర్, వెబ్ ఇద్దరూ రోమన్ కథోలికులు. అయినను మెథడిస్టులు, బాప్టిస్టులు ఆ కీర్తనను తమదిగానే పాడుకున్నారు. మంచి కీర్తనకు గోడలు అడ్డము రావు.

రాబర్టా ఫ్లాక్ 1937 ఫిబ్రవరి 10న నార్త్ కరొలినా రాష్ట్రములో జన్మించి, వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో పెరిగారు. తల్లి సంఘములో ఆర్గన్ వాయించేది. వారిది ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ జాయన్ సంఘము. 1796లో న్యూయార్కులో తెల్లవారి మధ్య తమకు సమానమైన స్థానము దొరకని నల్లజాతి విశ్వాసులు వేరుగా కూడుకొనగా పుట్టిన సంఘమది. ఇంటిలో పియానో కొనే స్థితి లేదు. తండ్రి పాత సామానులలో పారవేసిన పియానో ఒకటి తెచ్చి, బాగుచేసి, ఆకుపచ్చ రంగు వేసి కూతురికి ఇచ్చాడు. ఎనభై ఏండ్లు దాటిన తరువాత 2023లో ఆమె పిల్లల కొరకు వెలువరించిన పుస్తకము ఆ ఆకుపచ్చ పియానోను గూర్చినదే. మన ఇండ్లలో విరిగిన హార్మోనియమును అటక మీద పడవేసిన తండ్రులు ఈ సంగతి గమనించాలి.

పదిహేనవ ఏట ఆమె వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయములో వేతనముతో చేరారు. ఇంకను చదువుకోవాలని ఉండగా తండ్రి హఠాత్తుగా మరణించుటవలన, ఫార్మ్‌విల్ అనే చిన్న ఊరిలో నల్లజాతి పిల్లల బడిలో సంవత్సరమునకు 2,800 డాలర్ల జీతముమీద ఉపాధ్యాయినిగా చేరవలసి వచ్చినది. పేరు వచ్చినది ముప్పది దాటిన తరువాతనే.

డానీ హాతవే 1945 అక్టోబరు 1న చికాగోలో జన్మించారు. సెయింట్ లూయిస్‌లో అమ్మమ్మ పెంచింది. ఆమె సువార్త గీతాల గాయని. మూడేండ్లకే ఆ పిల్లవాడు ఆమెతోకూడ గాయకబృందములో నిలబడ్డాడు. తరువాత అతడును హోవర్డులోనే సంగీతము చదివాడు. రాబర్టా 1969లో చేసిన మొదటి రికార్డులోనే డానీ కూర్చిన పాట ఉన్నది. మూడేండ్ల తరువాత ఇద్దరి గొంతులు ఒకే రికార్డులో కలిశాయి. అందులోని ఒక పాటకు 1973లో గ్రామీ బహుమానము కూడ వచ్చినది.

మేము ఆ కీర్తన విన్నప్పుడు గమనించినది ఏమనగా, ఒకరినొకరు మించవలెనని ఇద్దరిలో ఎవరికిని లేదు. ఒకరు పాడుచుండగా మరియొకరు ఆగుతారు. తొందర లేదు. మైకు ముందు ఎవరి గొంతు పెద్దదో చూపించుకొనే మన గాయకబృందములు కొన్ని నేర్చుకొనదగినది ఇక్కడ ఉన్నది.

ఓదార్పు కీర్తన అంత చక్కగా పాడినవానికి ఓదార్పు ఎంతో అవసరమైనది. 1970ల మొదటి భాగములోనే డానీకి స్కిజోఫ్రీనియా అను తీవ్ర మానసిక వ్యాధి ఉన్నట్లు వైద్యులు కనుగొన్నారు. ఎన్నోసార్లు ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చినది. 1973లో ఆయన మిత్రుడు ఎడ్వర్డ్ హోవర్డ్, ఆయన వేదన చూచి ఒక పాట మాటలు వ్రాసి ఇవ్వగా, డానీ రాగము కట్టి పాడారు. 1979 జనవరి 13న న్యూయార్కులో, రాబర్టాతో కలిసి చేయుచున్న రెండవ రికార్డుకు పాడుచుండగా, ఆయన స్థితి చూచి పని ఆపవలసి వచ్చినది. ఆ రాత్రి హోటలు గది కిటికీ నుండి పడి మరణించారు. ఆత్మహత్యగా అధికారులు నిర్ణయించారు. వయస్సు 33. భార్య, పిల్లలు మిగిలారు.

ఇక్కడ కొందరు విశ్వాసము చాలలేదు అంటారు, మరికొందరు దయ్యము అంటారు. సౌలు సంగతి ఎత్తుతారు. అయితే సౌలు కథనే పూర్తిగా చదవండి. దావీదు సితారా వాయించినప్పుడు నెమ్మది కలిగినది, మరియొక దినమున అదే సితారా మ్రోగుచుండగా ఈటె లేచినది. సంగీతము నెమ్మదినిస్తుంది, వైద్యము కాదు. ఏలీయా బదరీవృక్షము క్రింద చావు కోరుకున్నప్పుడు దేవుడు గద్దించలేదు. ముందు నిద్ర, తరువాత రొట్టె, నీళ్లు, మరల నిద్ర. మాటలు ఆ తరువాత. లూకా వైద్యుడు అనుట పౌలు సిగ్గుపడి దాచిపెట్టలేదు.

మన ఊళ్లలో ‘ఎర్రగడ్డకు పంపాలి’ అనుట తిట్టు అయిపోయినది. విశాఖలో చినవాల్తేరు పేరును అట్లే వాడుతారు. రెండు చోట్లను ఉన్నవి ప్రభుత్వ వైద్యశాలలు. బిడ్డకు జ్వరము వస్తే ప్రార్థన చేసి డాక్టరు దగ్గరకు తీసుకొనిపోతాము గదా. రాత్రులు నిద్రలేక, ఎవరో పిలుస్తున్నారని భయపడే కోడలిని మాత్రము ఉపవాస కూటములకు త్రిప్పుచు మాత్రలు మాన్పించుట ఏమి న్యాయము? ప్రార్థన చేయండి. మాత్ర కూడ ఇవ్వండి. దూరము పోలేనివారు 14416కు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరులో ప్రారంభమైన ఈ టెలీ మానస్ సేవ ఉచితము, తెలుగులోను మాట్లాడతారు.

ఇంకొక మాట కాపరులకు. ఆత్మహత్య చేసుకున్నవారి భూస్థాపన కూటము జరిపించుటకు కొన్ని సంఘములు వెనుకాడును. డానీ భూస్థాపన ఆరాధనను బాప్టిస్టు సేవకుడైన జెస్సీ జాక్సన్ నడిపించారు. ఏడ్చుచున్న భార్యను, బిడ్డలను వాకిట నిలువబెట్టి తీర్పు చెప్పుట మన పని కాదని మా అభిప్రాయము.

సగములో ఆగిన రికార్డును రాబర్టా పారవేయలేదు. పూర్తి అయిన రెండు యుగళగీతములను ఉంచి, మిగిలినవి ఇతరులతో కలిసియు ఒంటరిగాను పాడి, 1980లో విడుదల చేశారు. అట్ట మీద తన పేరుతోపాటు డానీ పేరు కూడ వేయించారు. 2022లో నరములు క్షీణించే ఏ.ఎల్.ఎస్. వ్యాధివలన ఆమె ఇక పాడలేరని ప్రకటించారు. 2025 ఫిబ్రవరి 24న, 88వ యేట, ఆమె కన్నుమూశారు. మార్చి 10న న్యూయార్కులోని హార్లెమ్‌లో అబిసీనియన్ బాప్టిస్టు సంఘ మందిరములో జ్ఞాపకార్థ కూటము జరిగినది.