గిటార్‌కీ దాహం వేస్తుంది!

'యాదోఁ కీ బారాత్' (1973)లో జీనత్ అమన్ చేతిలో గిటార్ చూసి ఆ రోజుల్లో ఎంతమంది కుర్రాళ్లు గిటార్ కొనుక్కున్నారో లెక్కలేదు. అందులో మా బాబాయి ఒకడు. విశాఖపట్నంలో పెళ్లి పందిళ్ల ఆర్కెస్ట్రాల్లో ఏళ్ల తరబడి వాయించాడు. వేళ్లు మొరాయించాక, కిందటి మార్చిలో దాన్ని నా చేతిలో పెట్టి, "జాగ్రత్తరా, అది మనిషి లాంటిది" అన్నాడు.

నేను నవ్వేసి, హైదరాబాదు తెచ్చి గోడకి తగిలించాను.

మే నెల. మిట్టమధ్యాహ్నం 'టప్'మని చప్పుడు. చూద్దును కదా... బ్రిడ్జి కింద పైపలక నిలువునా పగిలింది! నా గుండె గుభేల్‌మంది. బాబాయికి ఏం చెప్పను?

నిజానికి అది నెల రోజులుగా మొర పెట్టుకుంటూనే ఉంది. తీగలు ఫ్రెట్లకి తగిలి 'జుయ్'మనేవి. ఫ్రెట్ల కొసలు చేతికి గీరుకునేవి. నేనే వినిపించుకోలేదు.

కొయ్య చేసే చిత్రం

సికింద్రాబాదులో వాయిద్యాలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి పరుగెత్తాను. "వానాకాలంలో మీ ఇంటి తలుపు బిగుసుకోదూ? ఇదీ కొయ్యేగా బాబూ!" అన్నాడాయన.

అదీ సంగతి! గాలిలో తేమ పెరిగితే కొయ్య పీల్చుకుని ఉబ్బుతుంది. తగ్గితే కుంచించుకుపోతుంది. చెక్క పొడవునా ఈ మార్పు దాదాపు ఉండదు, అంతా అడ్డంగానే. గిటార్ పైపలక మందం మూడు మిల్లీమీటర్లకి అటూ ఇటూ. లోపల అతికిన బద్దలు దాన్ని పక్కకి జరగనివ్వవు. అందుకే వానాకాలంలో పొట్టలా పైకి లేస్తుంది. తీగలు ఎత్తు పెరిగి వేళ్లు నొప్పెడతాయి, నాదం మొద్దుబారుతుంది. ఎండాకాలంలో పలక దిగి తీగలు ఫ్రెట్లకి తగులుతాయి. కొయ్య కుంచించుకున్నా లోహపు ఫ్రెట్లు కుంచించుకోవు కనుక కొసలు బయటికి పొడుచుకొస్తాయి. ఇంకా ఎండితే... పగులే!

విశాఖలో సముద్రపు గాలి. ఉబ్బిన పలకకి తగ్గట్టు బాబాయి శాడిల్‌ని అరగదీసుకున్నాడు. దాన్ని నేను తెచ్చి హైదరాబాదు ఎండలో ఎండబెట్టాను!

పెద్దాయన వెంటనే జిగురు పెట్టలేదు. "ముందు దాహం తీరనీ" అన్నాడు. తడి స్పాంజితో రెండు వారాలు పెట్టెలో ఉంచితే పగులు దానంతటదే దగ్గరైంది. అప్పుడు జిగురు పెట్టి, లోపలి నుంచి చిన్న చెక్కముక్కలు అతికాడు. ఎత్తయిన కొత్త శాడిల్ వేశాడు.

మీ దగ్గర గిటార్ ఉందా?

అయితే వినండి. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే దానికి సుఖం. తేమ చూపే చిన్న మీటరు పెట్టెలో వేసుకోండి. ఎండాకాలం, చిల్లులున్న సబ్బుపెట్టెలో తడిపి గట్టిగా పిండిన స్పాంజి పెట్టండి. వానాకాలం సిలికా జెల్ పొట్లాలు. ఏసీకి ఎదురుగా, ఎండలో నిలిపిన కారులో మాత్రం వద్దు. ప్లైవుడ్ పలక గిటార్లు కాస్త ఓర్చుకుంటాయి. ఒకే చెక్క పలకవి ఓర్చుకోవు.

శ్రావణంలో బాబాయి వచ్చాడు. పగులు సంగతి దాచేద్దామనుకున్నాను. ఆయన గిటార్ ఒడిలో పెట్టుకుని పలక నిమిరాడు. వేలు సరిగ్గా ఆ గీత దగ్గర ఆగింది.

"గోడకి తగిలించావా?"

"అవును బాబాయ్..."

ఏమీ అనలేదు. మెల్లగా రెండు కార్డ్స్ వాయించి, "శాడిల్ బాగా వేశాడు" అన్నాడు. తర్వాత తనే పెట్టెలో పడుకోబెట్టి మూత వేశాడు.