సంఘం ఆవరణకు తారు వేయించే ముందు

వానాకాలం వచ్చిందంటే చాలా సంఘాల ముంగిట ఒకటే అవస్థ. పాల లారీ రోడ్డు మీదే ఆగిపోతుంది. క్యాన్లను బురదలో అంతదూరం మోసుకుపోవలసి వస్తుంది. పిండిన పాలను మూడు నాలుగు గంటల్లో చల్లబరచకపోతే పులుపు మొదలవుతుందని మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. బల్క్ కూలరు ఉన్న సంఘాల ఇబ్బంది మరొక రకం. 10 వేల లీటర్ల ట్యాంకరు నిండితే అందులోని పాల బరువే 10 టన్నుల 300 కిలోలు. బండి బరువు కూడా కలిపితే 15 టన్నులు దాటుతుంది. అంత బరువు నానిన నేల మీద ఒక్క మలుపు తిరిగితే చాలు, చక్రం దిగబడుతుంది.

అందుకే ఆవరణకు తారు వేయించాలని పలు సంఘాలు అనుకుంటున్నాయి. మంచి ఆలోచనే. కాని ఖర్చయ్యేది సభ్యుల సొమ్ము. రెండు వానలకే పెచ్చులూడిపోతే, పాల ధరలో కలపవలసిన పైసలు మట్టిపాలయినట్లే. కనుక కార్యవర్గం తీర్మానం రాసే ముందే కొన్ని సంగతులు తెలుసుకోవడం అవసరమని మేము భావిస్తున్నాము.

మొదటిది, ఆవరణ అంతటికీ తారు పనికిరాదు. క్యాన్లు కడిగేచోట, ట్యాంకరు గొట్టం తగిలించేచోట తారు వేయించవద్దు. అక్కడ నీరు నిత్యం నిలుస్తుంది. పైగా ఆగిన బండి నుండి డీజిలు, ఇంజను ఆయిలు చుక్కలు చుక్కలుగా పడుతుంటాయి. తారు కూడా పెట్రోలియం సరుకే కాబట్టి డీజిలు తగిలినచోట కరిగి మెత్తబడుతుంది. ఆ భాగం వరకు కాంక్రీటు వేయించడమే మేలు. కాంక్రీటుకూ ఒక శత్రువు ఉంది. ఒలికిన పాలు పులిస్తే పుట్టే లాక్టిక్ ఆమ్లం సిమెంటును క్రమంగా తింటుంది. నాపరాయి సున్నపురాయి జాతిదే కనుక దానికీ అదే గతి. రెండు పూటలా, ఒలికిన వెంటనే, ధారాళంగా నీళ్లు కొట్టి కడగాలి. ఆ నీరు తారు మీదుగా కాక వేరే కాలువ గుండా పోవాలి. రోడ్డు నుండి లోపలికి వచ్చే బాట, బండి మలుపు తిరిగే జాగా, సభ్యుల సైకిళ్లు, మోటారు సైకిళ్లు నిలిపే చోటు మాత్రం తారుకు తగినవి.

తారు అనే మాట పాతది. అసలైన తారు బొగ్గు నుండి వచ్చేది. 1901లో ఇంగ్లండులో ఒక ఇనుప కర్మాగారం దగ్గర రోడ్డు మీద పీపా పగిలి తారు ఒలికితే, దాని మీద కొలిమి చిట్టెం పోశారట. ఆ ముక్కలో దుమ్ము లేవకపోవడం చూసి హూలీ అనే సర్వేయరు 1902లో పేటెంటు తీసుకున్నాడు. టార్మాక్ పుట్టుక అది. నేడు మన రోడ్లకు వాడేది పెట్రోలియం శుద్ధిలో వచ్చే బిటుమిన్. ఎండలు మండే మన ప్రాంతాలకు వీజీ 30 రకం అడగాలి. వీజీ 10 మెత్తనిది, మే నెలలో బండి నిలిస్తే చక్రం అచ్చు దిగుతుంది.

ఇక అసలు సంగతి. బరువు మోసేది పైనున్న నలుపు కాదు, కింది కంకర. పైపొర చేసే పని ముఖ్యంగా నీటిని లోపలికి పోనీయకుండా ఆపడం. చెడిపోయిన ఆవరణలను తవ్వి చూస్తే లోపం చాలావరకు అడుగునే కనిపిస్తుంది. నల్లరేగడి నేలల్లో మరీ జాగ్రత్త. ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. కంకరను నేరుగా దాని మీద పోస్తే బంకమన్ను సందుల్లోంచి పైకి లేచి కంకర కిందికి దిగిపోతుంది. పైమట్టి తీసి, కనీసం 15 సెంటీమీటర్ల మందాన ఇసుకో గ్రావెలో పరచి, తడిపి, రోలరుతో అణచిన తరువాతే కంకర పోయించాలి.

కంకర రెండు పొరలుగా రావాలి. ఒక్కొక్క పొర అణిగాక 7.5 సెంటీమీటర్లు ఉండాలంటే, వదులుగా పరచినప్పుడు 10 సెంటీమీటర్లు ఉండాలి. ఇది ఏ సభ్యుడైనా స్కేలు పెట్టి చూడగలడు. 20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఆవరణకు లెక్క కడితే 300 చదరపు మీటర్లు. పొరకు 30 ఘనపు మీటర్ల కంకర పడుతుంది. అంటే పది యూనిట్లకు పైన. వచ్చిన ట్రాక్టర్లను ఒకరు నిలబడి లెక్కపెట్టుకుంటే చాలు, కంట్రాక్టరుతో వాదన ఉండదు.

వాటం సంగతి ఇప్పుడే చూసుకోవాలి. తారు పరిచాక చేయగలిగింది తక్కువ. 40 అడుగులకు ఒక అడుగు పల్లం ఉంటే నీరు నిలవదు. మన 15 మీటర్ల వెడల్పుకు ఇది సుమారు 37 సెంటీమీటర్లు. మేస్త్రీల నీటి గొట్టంతో కొలవవచ్చు. పల్లం గది గోడ వైపు కాక సైడు కాలువ వైపు ఉండాలి. అంచుల వెంట రాయో ఇటుకో పాతించాలి. ఆనుడు లేని తారు అంచు నుండే విరుగుతుంది.

తారు పనికి ఎండ దినాలే తగినవి. కంకర మీది దుమ్మును రాళ్లు తేలేదాకా ఊడ్పించాలి. దుమ్ము మీద తారు అంటదు. ప్రైమరు కొట్టి, అది ఆరిన తరువాత కార్పెట్ పరచాలి. 20 మిల్లీమీటర్ల కార్పెట్‌కు 10 చదరపు మీటర్లకు 14 నుండి 15 కిలోల తారు పడుతుంది. మన ఆవరణకు సుమారు 440 కిలోలు. సీల్ కోటుకు పట్టేది వేరు. ఇంతకన్నా బాగా తక్కువ ఖర్చయితే చిప్స్ త్వరలోనే రాలుతాయి. తారును 165 డిగ్రీలు దాటి మరిగిస్తే మాడి పెళుసుబారుతుంది. పొగ దట్టంగా లేస్తుంటే పని ఆపి అడగండి. రోలరు పల్లపు అంచున మొదలుపెట్టి మెరక వైపు రావాలి.

ట్యాంకరు మలుపు తిరిగేచోట ఈ పలుచని పొర ఒక్కటే ఆగదు. దాని కింద 50 మిల్లీమీటర్ల తారు కంకర పొర వేయించాలి. నిలిచిన బండి స్టీరింగు తిప్పవద్దని డ్రైవరుకు చెప్పాలి. దమ్ము చక్రాల ట్రాక్టరును మాత్రం లోపలికి రానీయనే వద్దు, అది ఎవరిదైనా సరే.

ఎస్టిమేటును ఒకసారి పంచాయతీరాజ్ ఇంజనీరుకు చూపించుకోండి. ఒక వానాకాలం గడిచేదాకా బిల్లులో కొంత భాగం ఆపుకునే షరతును ఒప్పందంలోనే రాయించండి. ఆ వానల్లో ఎక్కడైనా చిన్న గుంట పడితే మట్టి పోసి కప్పవద్దు. వాన తెరిపి ఇవ్వగానే గట్టి భాగం తగిలేదాకా నలుచదరంగా కోయించి, అంచులకు తారు పూసి, అదే మిశ్రమంతో పూడ్పించి గట్టిగా అణచాలి.