టిక్కులు గల బిడ్డ: గుర్తింపు, పెద్దల కర్తవ్యము

పిల్లవాడు మాటిమాటికి కన్నులు చికిలించుట, ముక్కు ఎగబీల్చుట, భుజము లెగరవేయుట, జలుబు లేకున్నను గొంతు సవరించుకొనుట మొదలైన చేష్టలు చేయుచున్నప్పుడు పెద్దలు వానిని దురలవాటులని తలంతురు. మొదట మానుమని మందలింతురు, మానకున్నచో దండింతురు. అయినను బిడ్డ మానలేడు. ఏలన అది యతడు కోరి చేయుచున్న పని కాదు. ఇట్టి చేష్టలను వైద్యులు ‘టిక్కులు’ అందురు. పెద్దలు వీనిని సకాలమున గుర్తించినచో బిడ్డకు నిష్కారణమైన శిక్షయు, అవమానమును తప్పిపోవును.

స్వరాష్ట్రమునకు దూరముగా నివసించు తెలుగు కుటుంబములకు ఈ విషయమున మరియొక చిక్కు గలదు. ఛత్తీస్‌గఢ్‌లో రైలు ఉద్యోగములకును, భిలాయి ఉక్కు కర్మాగారములో పనికిని, వ్యాపారమునకును వచ్చి స్థిరపడిన తెలుగువా రనేకులు. రాయపూరు నగరమందలి దేవేంద్ర నగర్ వంటి పేటలో పెరుగు తెలుగు బిడ్డ ఇంట తెలుగును, బడిలో హిందీని మాటలాడును. తల్లి ఇంట చూచిన సంగతిని ఉపాధ్యాయునికి, వైద్యునికి అన్యభాషలో వివరింపవలసి వచ్చును. కావున ఏమి గమనింపవలెనో, దాని నెట్లు చెప్పవలెనో ముందుగా తెలిసికొనుట అవసరము.

టిక్కు అనగా నేమి?

టిక్కు హఠాత్తుగా, వేగముగా, పదేపదే కలుగు కదలిక గాని ధ్వని గాని. దానికి లయ యుండదు. కన్నులార్పుట, మూతి త్రిప్పుట, మెడ విదిలించుట, భుజము కదలించుట కదలిక టిక్కులు. గొంతు సవరించుట, దగ్గుట, హుంకరించుట, చిన్న కేక వేయుట ధ్వని టిక్కులు. కొందరు పిల్లలలో ఇవి మరింత జటిలముగ నుండును: వస్తువులను మరల మరల తాకుట, గంతు వేయుట, విన్న మాటనే తిరిగి పలుకుట వంటివి.

టిక్కునకు ముందు అనేకులకు ఆ యవయవములో ఒక విధమగు దురద, బిగువు, లేక వెలితి తోచును. టిక్కు జరిగినంతనే క్షణకాలము ఉపశమనము కలుగును. పూజలో కూర్చున్నవాని వీపున దోమ కుట్టినదనుకొనుడు. అతడు కొంతసేపు ఓర్చుకొనగలడు. కాని ఆ దురద అతని మనస్సు నంతయు నాక్రమించును. తుదకు చేయి వీపునకు పోకమానదు. టిక్కుల నాపుకొను బిడ్డ స్థితియు నట్టిదే. చిన్నపిల్లలు మాత్రము ఈ ముందు సూచనను గుర్తించి చెప్పలేకపోవచ్చును.

ఆపుకొనగలుగుటయే అపార్థమునకు మూలము. బడిలో నవ్వుదురను భయముచే బిడ్డ పగలంతయు బిగబట్టుకొని, ఇల్లు చేరగానే ఒక్కసారిగ విడిచిపెట్టును. ‘బడిలో బాగుగనే యున్నాడు’ అని ఉపాధ్యాయుడనును. ‘ఇంట గంటలకొలది ఆగుటలేదు’ అని తల్లి యనును. ఇరువురును నిజమే చెప్పుచున్నారు. అంతమాత్రమున బిడ్డ తల్లియెదుట నటించుచున్నాడని తలపరాదు. తల్లి సన్నిధి యతనికి నిర్భయమైన చోటని మాత్రమే దాని యర్థము.

టిక్కుల గమనము

ఇవి సామాన్యముగా 4 మొదలు 6 ఏండ్ల వయస్సున ప్రారంభమగును. తరచుగా కన్నులార్పుటయే తొలి లక్షణము. 10 మొదలు 12 ఏండ్ల నడుమ మిక్కిలి తీవ్రమై, యౌవనమున ప్రవేశించు నాటికి అధిక సంఖ్యాకులలో తగ్గిపోవును. బాలికలకంటె బాలురలో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. బడియీడు పిల్లలలో ఐదుగురిలో ఒకరి వరకు ఎప్పుడో ఒకప్పుడు ఏదో యొక టిక్కు కానవచ్చును. వానిలో పెక్కు కొన్ని వారములలోనో నెలలలోనో వానియంతట అవియే పోవును. అనేక కదలిక టిక్కులును, కనీస మొక ధ్వని టిక్కును 18 ఏండ్ల లోపున మొదలై, ఒక యేడాదికి మించి కొనసాగినచో దానిని ‘టూరెట్ సిండ్రోము’ అందురు. ఇది నూటికి ఒకరికంటె తక్కువమంది పిల్లలలో నుండును.

టిక్కులు ఒకే తీరున నుండవు. కొన్ని వారములు పెరుగును, కొన్ని వారములు తగ్గును. కన్నుల టిక్కు పోయి మెడ టిక్కు రావచ్చును. అప్పుడు పెద్దలు ‘ఒకటి మాన్పించితిమి, వెంటనే మరియొకటి నేర్చెను’ అని విసుగుకొందురు. నిజమునకు మాన్పించినదియు లేదు, నేర్చినదియు లేదు. టిక్కుల స్వభావమే యట్టిది. అవి తీవ్రమైనప్పుడే తల్లిదండ్రులు ఆత్రపడి తాయెత్తు కట్టింతురు. పిమ్మట అవి సహజముగ తగ్గును. ఆ కీర్తి తాయెత్తునకు దక్కును. మరల పెరిగినప్పుడు దోషము బిడ్డపై పడును.

కారణము

1825లో ఇటార్ అను ఫ్రెంచి వైద్యుడు ఇట్టి లక్షణములు గల యొక స్త్రీని గూర్చి వ్రాసెను. 1885లో జిల్ ద లా టూరెట్ తొమ్మండుగురు రోగులను వర్ణించెను. ఈ వ్యాధికి ఆయన పేరే నిలిచెను. తరువాత చాలకాలము దీనిని మానసిక కలహముల ఫలితమనియు, పెంపకములోని లోపమనియు పలువురు భావించిరి. 1960 దశకమున హాలోపెరిడాల్ అను మందుచే టిక్కులు తగ్గుట వెల్లడియైన పిమ్మట, దీని మూలము మెదడు పనితీరులో నున్నదని వైద్యలోకము గ్రహించెను.

మెదడు లోపలి భాగములలో కదలికలను ఎంచి, అనవసరమైన వానిని అణచు నాడీవలయములు కలవు. వాని పనిలోని తేడావలన, ఆగవలసిన కదలిక యాగక బయటపడును. ఈ తత్త్వము వంశపారంపర్యముగ వచ్చుట తరచు. తండ్రియో మేనమామయో చిన్ననాట కన్నులు చికిలించెడివాడని విచారించినప్పుడు తెలియవచ్చును. ఇది అంటువ్యాధి కాదు. దీనివలన తెలివి తగ్గదు. తల్లి గారాబము గాని తండ్రి కాఠిన్యము గాని దీనికి మూలకారణము కాదు. భయము, అలసట, నిద్రలేమి, జ్వరము, పరీక్షలు మాత్రము టిక్కులను పెంచును. పండుగ, ప్రయాణము వంటి సంతోషములు సైతము పెంచవచ్చును. బిడ్డ ఆటలోనో పాటలోనో లీనమైనప్పుడు అవి తరచు తగ్గును.

గాలి సోకినదనియు, దిష్టి తగిలినదనియు తలంచి వాతలు పెట్టుట, మండలతో కొట్టుట ఘోరమైన తప్పు. దానివలన టిక్కు పోదు; కాలిన పుండును, పెద్దలపై భయమును మాత్రమే మిగులును. శకునముగ చెప్పుకొను ‘కన్నదురుట’ రెప్పలోని చిన్న కండరము వణకుట. దానికిని ఈ టిక్కునకును సంబంధము లేదు.

వేరు వ్యాధులనుండి గుర్తించుట

కన్నులార్పు ప్రతి బిడ్డకును టిక్కు ఉన్నదని నిర్ణయింపరాదు. కన్ను ఎఱ్ఱబారుట, దురద, చూపు మందగించుట ఉన్నచో ముందుగ కంటి వైద్యునికి చూపవలెను. దుమ్ము పడక కలుగు జలుబువలనను ముక్కు ఎగబీల్చుట, గొంతు సవరించుట జరుగును. కీళ్లవాత జ్వరము పిమ్మట కొందరు పిల్లలలో చేతులు, కాళ్లు, ముఖము ఎడతెగక వంకరలుగ కదలును, చేతిలోని వస్తువులు జారిపడును, దస్తూరి చెడిపోవును. అది టిక్కు కాదు. దానివెంట గుండె జబ్బు ఉండవచ్చును గావున ఆలస్యము చేయరాదు. కదలికతో కూడ స్పృహ తప్పినచో, లేక బిడ్డ పిలిచినను పలుకక కొన్ని క్షణములు శూన్యముగ చూచినచో అది మూర్ఛవ్యాధి కావచ్చును. కౌమారమున ఒకేసారి, ఒక్కదినములోనే, తీవ్రమైన చేష్టలు ప్రారంభమైనచో అవి వేరు జాతికి చెందినవి కావచ్చును. వానికి చికిత్సయు వేరు. 2020 తరువాత పలు దేశములలో ఇట్టివి హెచ్చుగ కానవచ్చినవి.

టిక్కులతో కూడ వచ్చు ఇతర బాధలను సైతము కనిపెట్టవలెను. టూరెట్ సిండ్రోము గల పిల్లలలో సుమారు సగముమందికి నిలుకడలేమి, ఏకాగ్రతాలోపము ఉండును. కొందరు చేతులు మరల మరల కడుగుదురు, లెక్కించినదే లెక్కింతురు, అకారణముగ భయపడుదురు. తరచుగా టిక్కులకంటె ఇవియే బిడ్డ చదువును, నెమ్మదిని ఎక్కువగా చెఱచును. బూతుమాటలు అప్రయత్నముగ వెలువడుట ఈ వ్యాధికి ముఖ్య లక్షణమని లోకులు తలంతురు గాని, అది 100 మందిలో 10, 15 మందికి మించి యుండదు.

ఇంట చేయవలసినది

టిక్కును గూర్చి మాటిమాటికి హెచ్చరింపరాదు. హెచ్చరించినకొలది బిడ్డ దృష్టి దానిపైననే నిలిచి టిక్కు పెరుగును. ఒకసారి నెమ్మదిగ కూర్చుండబెట్టి, ‘ఇది నీ తప్పు కాదు నాన్నా. నీవు కావాలని చేయుటలేదని మాకు తెలియును’ అని చెప్పవలెను. ఆ యొక్కమాట బిడ్డ గుండెపైనుండి పెద్ద బరువును దించును. తాతకు, నాయనమ్మకు, అన్నదమ్ములకు విషయము తెలిపి, వెక్కిరింపకుండ చూచుకొనవలెను. పెండ్లిండ్లలో, పేరంటములలో బంధువులు పదిమంది యెదుట అడిగినప్పుడు తల్లిదండ్రులే క్లుప్తముగ సమాధానము చెప్పవలెను. బిడ్డను సంజాయిషీ యడుగరాదు. వేళకు నిద్ర, ఆటలు, ఇష్టమైన వ్యాపకము ఉండవలెను. బడినుండి వచ్చినపిమ్మట కొంతసేపు ఎవ్వరును పలుకరింపని విశ్రాంతి నీయవలెను. అయితే టిక్కు పేరుతో క్రమశిక్షణను విడిచిపెట్టరాదు. అబద్ధమాడుట, తమ్ముని కొట్టుట టిక్కులు కావు.

పాఠశాలలో చేయవలసినది

గొంతు ధ్వని చేసిన బాలుని ఉపాధ్యాయుడు బెంచీపై నిలబెట్టినాడనుకొనుడు. భయమువలన ధ్వని రెట్టింపగును. ధిక్కారమని తలంచి శిక్షయు రెట్టింపగును. ఇట్లు కొన్నిమారులు జరిగినచో బిడ్డ బడికి పోనని మారాము చేయును, చదువున వెనుకబడును. 2009 విద్యాహక్కు చట్టము పిల్లలను శారీరకముగ శిక్షించుటను, మానసికముగ వేధించుటను నిషేధించినది. కాని చట్టముకంటె ముందు ఉపాధ్యాయుని అవగాహన రావలెను. అందుకై తల్లిదండ్రులు వైద్యుని చీటిని, హిందీలో వ్రాసిన చిన్న వివరణను ప్రధానోపాధ్యాయునికి ఈయవలెను.

ఉపాధ్యాయుడు టిక్కులను పట్టించుకొనక పాఠము సాగింపవలెను. అందరి చూపును తనపై పడని స్థలమున బిడ్డను కూర్చుండనీయవలెను. ఆపుకొనలేనప్పుడు అనుమతి యడుగకయే కొద్దినిమిషములు వెలుపలికి పోనీయవలెను. కన్నుల, మెడ టిక్కులచే చదువుట, వ్రాయుట మందగించును గావున పరీక్షలో అధికకాలమును, వీలైనచో వేరు గదిని ఈయవలెను. బిడ్డ సమ్మతించినచో తోటిపిల్లలకు విషయము చెప్పవచ్చును. టూరెట్ సిండ్రోము గల ఉపాధ్యాయిని కథగా 2018లో వచ్చిన ‘హిచ్కీ’ హిందీ చలనచిత్రము ఇందుకు సహాయపడును. దానికి మూలము అమెరికాలో ఈ వ్యాధి కలిగియు ఉపాధ్యాయుడైన బ్రాడ్ కోహెన్ జీవితకథ.

చికిత్స

టిక్కులు గల పిల్లలలో అనేకులకు మందులతో పనిలేదు. ధైర్యము, అవగాహన చాలును. టిక్కు నొప్పి కలిగించుచున్నను, చదువుకు అడ్డమగుచున్నను, బిడ్డను క్రుంగదీయుచున్నను చికిత్స అవసరము. 1973లో అజ్రిన్, నన్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిన పద్ధతి నేటి ప్రవర్తనా చికిత్సకు పునాది. టిక్కు రాబోవు సూచనను గుర్తించుట, వెంటనే దానికి విరుద్ధమైన కదలికను కొంతసేపు నిలుపుట ఇందు నేర్పుదురు. మెడ విదిలించు బిడ్డ గడ్డమును కొంచెము దించి మెడను నెమ్మదిగ బిగించును. 2010లో ప్రకటింపబడిన అమెరికా పరిశోధనలో 9 మొదలు 17 ఏండ్లవారు 126 మంది పాల్గొనిరి. ఈ చికిత్స పొందినవారిలో నూటికి 52 మందికి పైగ బాగుపడిరి; సలహా, ఓదార్పు మాత్రమే పొందినవారిలో బాగుపడినవారు నూటికి సుమారు 18 మంది. క్లోనిడిన్, రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ వంటి మందులును కలవు. వీనిని వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెను, హఠాత్తుగ మానరాదు.

దేవేంద్ర నగర్ వాసులు తొలుత పిల్లల వైద్యుని చూడవచ్చును. ప్రజలు ‘మేకాహారా’ అని పిలిచెడి డాక్టర్ భీంరావ్ అంబేడ్కర్ స్మారక చికిత్సాలయమును, నగరమునకు పడమట టాటీబంధ్‌లో 2012లో ప్రారంభమైన అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థయు రాయపూరులోనే కలవు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యకు ఉచితముగ ఫోను చేసి తెలుగున సైతము సలహా పొందవచ్చును.

వైద్యుని గదిలో బిడ్డ ఒక్క టిక్కునైన చూపకపోవచ్చును. కావున ఇంట సహజముగ నున్నప్పుడు ఫోనులో చిన్న దృశ్యము తీసికొనిపోవుట మంచిది. అది వైద్యునికి తప్ప ఇతరులకు చూపరాదు. ఏ టిక్కు, ఎప్పుడు మొదలైనది, ఎప్పుడు పెరుగును, నిద్ర ఎట్లున్నది, వంశములో ఎవరికున్నది అను సంగతులను ఒక కాగితముపై వ్రాసికొనవలెను. హిందీ రాని తల్లి తెలుగున వ్రాసి, తెలిసినవారిచే హిందీలోనికి మార్పించుకొనవచ్చును. అనువాదమునకు ఆ బిడ్డనే వినియోగింపరాదు; తన కష్టమును గూర్చి పెద్దలు పలుకు ప్రతి మాటను తానే మోయవలసి వచ్చును.

స్పృహ తప్పుట, జ్వరముతో గాని కీళ్లనొప్పులతో గాని కదలికలు మొదలగుట, మెడ విదిలింపుచే చేతులలో తిమ్మిరి కలుగుట, బిడ్డ తనను తాను గాయపరచుకొనుట, బ్రతుకవలెనని లేదనుట: వీనిలో ఏది కానవచ్చినను ఆ దినమే వైద్యుని చూడవలెను.

గుర్తుంచుకొనవలసినవి

1. టిక్కు దురలవాటు కాదు. మెదడు పనితీరుకు సంబంధించినది.
2. కొంతసేపు ఆపుకొనగలుగుట నటనకు నిదర్శనము కాదు.
3. శిక్షవలన, వెక్కిరింతవలన టిక్కు పెరుగునే గాని తగ్గదు.
4. కంటి జబ్బు, కీళ్లవాతము, మూర్ఛ కాదని వైద్యునిచే నిర్ధారణ చేయించుకొనవలెను.
5. టిక్కులతో కూడ వచ్చు భయమును, నిలుకడలేమిని ఉపేక్షింపరాదు.
6. ఇంటివారును, ఉపాధ్యాయులును ఒకే మాటపై నిలిచినచో టిక్కులున్నను బిడ్డ చదువు సాగును, నవ్వు నిలుచును.