అప్పీలు పడగానే బకాయి ఆగిపోదు
హైకోర్టు సివిల్ కేసులు: వర్తకులు గమనించవలసిన అంశాలు

అరువు సరుకు తాలూకు దావాలో డిక్రీ పొందిన వర్తకునికి, ప్రతివాది హైకోర్టుకు వెళ్ళాడన్న వార్త పెద్ద దెబ్బగా కనిపిస్తుంది. "కేసు హైకోర్టులో పడింది, ఇక ఆ సొమ్ము ఇప్పట్లో రాదు" అన్న మాట యార్డులో పొక్కగానే అతని పరపతి సన్నగిల్లుతుంది. రూపాయికి ఎనిమిదణాల చొప్పున రాజీపడి బయటపడేవారూ లేకపోలేదు. ఈ భయం చాలావరకు నిరాధారం.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 41వ ఆర్డరు 5వ రూలు ప్రకారం, అప్పీలు దాఖలైనంత మాత్రాన డిక్రీ అమలు ఆగదు. ఆగాలంటే కోర్టు ప్రత్యేకంగా స్టే ఇవ్వాలి. సొమ్ము డిక్రీల విషయంలో 1976 నాటి సవరణ మరొక కట్టడి చేర్చింది. అప్పీలుదారు వివాదంలో వున్న మొత్తాన్ని కోర్టు విధించిన గడువులోగా డిపాజిట్ చేయాలి, లేదా తగిన జామీను ఇవ్వాలి. అందుకు సిద్ధపడనివారికి సాధారణంగా స్టే లభించదు. మినహాయింపు కావాలంటే బలమైన కారణం చూపవలసి వుంటుంది.

మార్కెట్ మీద దీని ప్రభావం రెండు విధాలు. డిక్రీ పొందినవారికి సొమ్ము భద్రమవుతుంది. జామీను ఇచ్చి, డిపాజిట్‌లో కొంత తీసుకోవడానికి అనుమతి కూడా కోరవచ్చు. ఇక అప్పీలుదారు డిపాజిట్ కట్టేది తరచు తన తిరుగుడు పెట్టుబడిలో నుంచే. సీజను మధ్యలో ఆ భారం పడితే అతని కొనుగోళ్ళు మందగిస్తాయి. అతనికి అరువు ఇచ్చే ఇతర వర్తకులు, దళారులు పెండింగు అప్పీళ్ళ సంగతి ముందుగా విచారించుకోవడం క్షేమం.

రెండవ ప్రశ్న వడ్డీ. కోడ్ 34వ సెక్షను ప్రకారం, డిక్రీ తర్వాతి కాలానికి అసలుపై వడ్డీ మామూలుగా 6 శాతానికి మించదు. వ్యాపార లావాదేవీలలో మాత్రం ఒప్పందపు రేటు వరకు, ఒప్పందం లేనప్పుడు జాతీయ బ్యాంకుల రుణ రేటు వరకు కోర్టు ఇవ్వవచ్చు. ఉదాహరణకు 10 లక్షల అసలు మీద 6 శాతమైతే ఏటా 60 వేలు, 12 శాతమైతే లక్షా 20 వేలు. అప్పీలు అయిదేళ్ళు సాగితే తేడా 3 లక్షలు. కనుక ఇరుపక్షాలూ అంగీకరించిన వడ్డీ రేటు కాగితం మీద వుండాలి.

అసలు దావాయే నిలవకపోతే ఇవేవీ అక్కరకు రావు. గడువు పెట్టని అరువుకు సరుకు అప్పగించిన నాటి నుంచి, గడువు పెట్టిన అరువుకు ఆ గడువు తీరిన నాటి నుంచి మూడేళ్ళలో దావా వేయాలి. లేకుంటే కాలదోషం పడుతుంది. ఆలోగా బాకీదారు బాకీని ఒప్పుకుంటూ వ్రాసి సంతకం చేస్తే గడువు మళ్ళీ మొదలవుతుంది. ఆవర్జాలోని పద్దు ఒక్కటే బాధ్యత మోపడానికి చాలదని 2023 నాటి కొత్త సాక్ష్య చట్టమూ చెబుతున్నది. బిల్లు, లారీ రశీదు, కాటా చీటీ జతపడాలి.

2018 సవరణ తర్వాత 3 లక్షలు, ఆపై విలువగల వాణిజ్య వివాదాలు కమర్షియల్ కోర్టుల పరిధిలోకి వచ్చాయి. అత్యవసర ఉత్తర్వులు కోరని దావాలకు ముందుగా మధ్యవర్తిత్వం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. జిల్లా జడ్జి స్థాయి కమర్షియల్ కోర్టు తీర్పు మీద హైకోర్టు అప్పీలుకు గడువు 60 రోజులు. మామూలు సివిల్ డిక్రీకి 90 రోజులు.

2019 జనవరి 1 నుంచి ఉభయ రాష్ట్రాలకు హైకోర్టులు వేరయ్యాయి. గుంటూరు కోర్టు డిక్రీ మీద అప్పీలు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు, వరంగల్ డిక్రీ మీద తెలంగాణ హైకోర్టుకు వెళుతుంది. బాకీదారు ఆస్తి అవతలి రాష్ట్రంలో వుంటే డిక్రీని అమలుకై అక్కడి కోర్టుకు బదిలీ చేయించుకోవచ్చు. అమలుకు గడువు 12 ఏళ్ళు. అప్పీలు నోటీసు అందినవారు రాజీ మాట ఎత్తకముందే స్టే వున్నదా, డిపాజిట్ పడినదా అని వకీలు ద్వారా విచారించుకోవడం మంచిది.