మీకు తెలుసా? గొంతు గుర్తుపడితే గుట్టు రట్టే!

షెర్లాక్ హోమ్స్ కథలు చాలావరకు చెప్పేది ఆయన మిత్రుడు డాక్టర్ వాట్సన్. కాబట్టి ఆడియోబుక్ చదివే నటుడికి ముందుగా కుదరాల్సింది హోమ్స్ గొంతు కాదు, వాట్సన్ గొంతు. 2017లో నటుడు స్టీఫెన్ ఫ్రై చదివిన హోమ్స్ కథల సంపుటి 70 గంటలు దాటుతుంది.

అసలు చిక్కు మారువేషాలతోనే. 1891 నాటి ‘ఎ స్కాండల్ ఇన్ బొహీమియా’లో హోమ్స్ ప్రత్యర్థి ఐరీన్ ఆడ్లర్ మగవేషంలో హోమ్స్‌ను వీధిలో పలకరించి వెళ్లిపోతుంది. అచ్చులో ఆ పలకరింపు ఎవరిదో తెలియదు. నటుడు మాత్రం దానికి ఏదో ఒక గొంతు ఇవ్వక తప్పదు. ఐరీన్ గొంతే వాడితే గుట్టు అక్కడే బయటపడుతుంది. పూర్తిగా మార్చేస్తే, ఇది ఎక్కడో విన్న గొంతేనన్న హోమ్స్ అనుమానానికి ఆధారమే మిగలదు. హత్య కథల్లో హంతకుడి మాటల్ని కాస్త కరుకుగా పలికినా ఇదే ముప్పు. అపరాధ కథకు అతినటన కన్నా నిగ్రహమే మేలు.

అగాథా క్రిస్టీ నవలలెన్నో ఆడియోబుక్‌లుగా చదివిన హ్యూ ఫ్రేజర్, టీవీ ‘పొయ్‌రో’లో వాట్సన్ లాంటి మిత్రుడైన హేస్టింగ్స్ పాత్రధారి.