భోగి మంట భయపెడుతుంటే..
పండుగ వేళ తిరగబెట్టే పాత గాయం - ఇంటిల్లిపాదీ అర్థం చేసుకుంటేనే ఉపశమనం

అమలాపురం: భోగి నాడు తెల్లవారక ముందే కోనసీమ వీధుల్లో మంటలు లేస్తాయి. పిల్లలు పిడకల దండలు తెచ్చి వేస్తారు. పెద్దలు చుట్టూ చేరి చలి కాచుకుంటారు. అయితే అదే మంట కొందరికి వేడుక కాదు. వెలుగు కంటపడగానే గుండె దడదడలాడుతుంది. పొగ వాసనకు ఊపిరి అందదు. టపాసు పేలితే ఒళ్లంతా వణుకుతుంది. దీనిని పిరికితనమనో, చాదస్తమనో కొట్టిపారేయడం తగదు. ఒకనాటి ఘోరాన్ని శరీరం ఇంకా మరువలేదనడానికి ఇవి గుర్తులు.

కోనసీమకు ఇటువంటి గాయాలు కొత్త కావు. 1995 జనవరి 8న, సంక్రాంతికి వారం రోజులైనా లేదనగా, పాశర్లపూడి వద్ద ఓఎన్‌జీసీ బావిలో బ్లో అవుట్ సంభవించింది. ఆ మంటలు రెండు నెలలకు పైగా ఎగసిపడ్డాయి. 1996 నవంబరు 6న, దీపావళికి నాలుగు రోజుల ముందు, విరుచుకుపడిన తుపాను వెయ్యి మందికి పైగా బలిగొంది. 2014 జూన్ 27న తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా మరణించారు. వాటిని కళ్లారా చూసినవారికి, అయినవారిని పోగొట్టుకున్నవారికి తెల్లవారుజామున మంట, హోరుగాలి, పేలుడు శబ్దం మామూలు విషయాలు కాకపోవచ్చు.

ఎందుకిలా జరుగుతుంది?

ప్రాణాపాయం ఎదురైనప్పుడు మెదడు ఆ క్షణంలోని వెలుగును, శబ్దాన్ని, వాసనను ప్రమాదంతో ముడివేసి భద్రపరుస్తుంది. తరువాత ఎప్పుడైనా వాటిలో ఒక్కటి ఎదురైనా ప్రమాదం మళ్లీ వచ్చిందని హెచ్చరిస్తుంది. ఇది పండుగ మంటేనని బుద్ధి గ్రహించే లోపే ఒంట్లో అడ్రినలిన్ పెరిగి గుండె వేగం హెచ్చుతుంది, చెమటలు పడతాయి. ధైర్యం చెప్పినంత మాత్రాన ఆ భయం పోకపోవడానికి కారణం ఇదే.

ఘోరాన్ని చూసిన ప్రతివారికీ ఈ బాధ నిలిచిపోదు. చాలామంది కాలక్రమంలో తేరుకుంటారు. పీడకలలు, ఉలికిపాటు, జరిగినది కళ్లముందు మెదలడం, ఆ చోటికి వెళ్లకుండా తప్పించుకోవడం వంటివి నెలకు మించి సాగి, పనికీ నిద్రకూ అడ్డుపడుతుంటే దానిని వైద్యులు పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ (పీటీఎస్‌డీ)గా పరిగణిస్తారు. పిల్లల్లో ఇది కడుపునొప్పిగా, పక్క తడపడంగా, తల్లిని వదలకపోవడంగా బయటపడవచ్చు.

పండుగ రోజుల్లో ఈ బాధ మరింత పెరుగుతుంది. నిద్ర తగ్గుతుంది. ఇల్లు బంధువులతో నిండుతుంది. పోయినవారి పీట ఖాళీగా కనిపిస్తుంది. అందరూ సంతోషంగా ఉన్నప్పుడు తానొక్కరే కుమిలిపోవడం తప్పన్న భావన దానికి తోడవుతుంది.

బాధితులు ఏం చేయాలి?

తమను భయపెడుతున్నది మంటా, పొగా, శబ్దమా అన్నది ముందుగా గుర్తించాలి. ఇంట్లో ఒక్కరికైనా ఆ సంగతి చెప్పి ఉంచాలి. మంట వేసే సమయం తెలుసుకుంటే హఠాత్తుగా ఉలిక్కిపడే పరిస్థితి తగ్గుతుంది. దడ మొదలైతే పాదాలు నేలకు గట్టిగా ఆనించి, ఊపిరిని నెమ్మదిగా, దీర్ఘంగా వదలాలి. చుట్టూ కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పుకోవాలి. తానున్నది నాటి ప్రమాదంలో కాదని, నేటి వాకిట్లోనని మనసుకు తెలియజేయడమే దీని ఉద్దేశం. భయం మరిచేందుకు మద్యాన్ని ఆశ్రయిస్తే నిద్ర చెడి, బాధ రెట్టింపవుతుంది. వైద్యుని సలహా లేకుండా నిద్రమాత్రలు వాడరాదు.

ఇంటివారి బాధ్యత

ఇన్నేళ్లయినా ఇంకా భయమేమిటని నలుగురిలో నిలదీయడం, చేయి పట్టి మంట దగ్గరకు లాక్కెళ్లడం మేలు చేయవు. అలాగని పండుగ నుంచి పూర్తిగా వెలివేయడమూ సరికాదు. ఎల్లకాలం తప్పించుకుంటే భయం మరింత బలపడుతుంది. వారు ఇష్టపడితే దూరం నుంచి, తోడుతో, కొద్దిసేపు చూడనివ్వాలి. చాలనగానే వెనక్కి తీసుకురావాలి. వీధివారు మంటలో టైర్లు, ప్లాస్టిక్ వేయకుంటే ఆ ఘాటు పొగ బెడద అందరికీ తప్పుతుంది.

దుఃఖానికి మన పండుగలోనే చోటుంది. సంక్రాంతిని పెద్దల పండుగగా భావించి, గతించినవారికి కొత్త బట్టలు పెట్టి, తర్పణాలు విడిచే ఆచారం ఎన్నో కుటుంబాల్లో ఉంది. ఆ పూట పోయినవారి పేరు తలచుకుని కంటతడి పెట్టుకుంటే అశుభమని ఆపకూడదు.

చికిత్స ఉంది

ఏళ్లు గడిచిన గాయానికీ చికిత్స ఉంది. జ్ఞాపకాన్ని, భయాన్ని క్రమపద్ధతిలో ఎదుర్కొనేలా చేసే మాటల చికిత్స, అవసరమైతే మందులు సత్ఫలితాలనిస్తాయి. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలోను, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలోను సేవలు అందుతాయి. అంత దూరం వెళ్లలేనివారు 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఫోన్ చేయవచ్చు. ఈ సేవ ఉచితం. రేయింబవళ్లు తెలుగులోనే మాట్లాడవచ్చు. బతకాలని లేదన్న మాట ఎవరి నోటైనా వినిపిస్తే మాత్రం పండుగ వెళ్లేదాకా ఆగకుండా ఆ రోజే వైద్యసాయం అందేలా చూడాలి. వారిని ఒంటరిగా వదలరాదు.